కుక్కతలకాయ ఎవరిది?

నన్ను తిట్టేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. మిగతా అందరూ నాకు మర్యాద ఇచ్చేవాళ్ళు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తోడేశారు.

పొద్దున్నే బోరింగు దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు మోకాళ్ళు వంచి, "అయ్యా, నిద్ర బాగా పట్టిందా? ఒళ్ళు బాగుందా?" అంటారు. బాగుందంటాను. వెంటనే బిందెలు పక్కకి జరిపి నాకు దారి ఇస్తారు. నేను నీళ్ళు పట్టుకుని మలుపు తిరిగేదాకా ఎవరూ నోరు విప్పరు. తిరిగానో లేదో, వెనక నవ్వులు, కబుర్లు, ఒకళ్ళనొకళ్ళు దెప్పుకోవడాలు. ఆ నవ్వుల్లో నాకు వాటా లేదు.

నా పేరు పోలికార్ప్ బాయువో. దగాబా జాతివాణ్ణి, పడమటివైపు జిరపా దగ్గర మా ఊరు. నా భార్య బిబియానా జ్వరంతో పోయాక, ఒంటరివాడు ఎక్కడుంటే ఏం అనుకున్నారో ఏమో, బొంగో కొండరాళ్ళ అవతల ఉన్న ఈ సాపురో ఊరికి సంఘంవాళ్ళు నన్ను బోధ చెప్పే ఉపదేశిగా పంపారు. ఇక్కడందరూ ఫ్రాఫ్రా జాతివాళ్ళు. ఏసు గుడి ఉంది, దాని వెనక నాకో గది ఉంది. గుళ్ళోకి వచ్చేది ముగ్గురు విధవరాళ్ళు, నీడ కోసం ఒక మేక.

నాకు ముందున్న ఉపదేశి చేసిన ఘనకార్యం అది. పట్నంవాడు. ఇళ్ళ వాకిట్లో పోయిన పెద్దల పేర నిలబెట్టిన మట్టిదిమ్మెల్ని కర్రతో పొడిచి, "ఇది మట్టి! దీనికి నోరుందా? చెవులున్నాయా?" అన్నాడట. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. ఈ ఊరివాళ్ళకి కోపమొస్తే కేకలెయ్యరు, మర్యాద పెంచుతారు. వాడు పోయినా ఆ మర్యాద మాత్రం నాకు ఆస్తిగా మిగిలింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో చెడ్డదో తెలుసుకోవడానికి కూడా ఎవరూ దగ్గరికి రాలేదు.

నన్ను తిట్టే ఆ ఒక్కడు, అకురుగు, మొదటిసారి వచ్చిన రోజు నేను గుడి వాకిలి ఊడుస్తున్నాను. ఎండుకట్టెలాంటి ముసలాయన, నెత్తిన పక్కకి వాలిన ఎర్రటోపీ, ఎడమకాలు ఈడుస్తూ నడక. ఆ పేటకంతా పెద్ద. పెద్దల దిమ్మెలకి నీళ్ళు పోసేది ఆయనే. వచ్చి నా ఎదుట నిలబడి కిందనుంచి పైదాకా చూశాడు.

"ఒరేయ్, నువ్వు దగాబావాడివటగా?"

"అవునండీ."

"అండీ లేదు గిండీ లేదు. కుక్కతలకాయల దొంగవెధవా! నా బానిసవి, నా ఊళ్ళో కాపురం పెట్టి నాకు కబురు పెట్టకపోవడమేంట్రా?"

చీపురు నా చేతిలోంచి జారిపోయింది. ఉన్నమాట చెప్తున్నాను, ఏడుపొచ్చింది. బిబియానా పోయాక నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

"బానిస ఎవడ్రా ముసలోడా!" అన్నాను. "మా తాత మీ తాతని ఒక్క కుక్కతలకాయ ఇచ్చి కొన్నాడు. తలకాయ దండగైందని చచ్చేదాకా ఏడ్చాడు."

అకురుగు కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి గుడి అరుగుమీద కూలబడ్డాడు. "హమ్మయ్య, నోరుంది వీడికి" అన్నాడు.

మా దగాబాలకీ ఈ ఫ్రాఫ్రాలకీ తాతలనాటి వేళాకోళం వరస ఉంది. ఎప్పుడో రెండు జాతులవాళ్ళూ కలిసి ఒక కుక్కని కోసుకుని, తలకాయ ఎవరికన్న దగ్గర తగాదా పడ్డారట. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు. తెగకూడదు కూడా. బావాబామ్మర్దుల సరసం దీని ముందు దిగదుడుపు. చిన్నా పెద్దా లేదు, ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. చావింట్లో అయితే ఈ వరసవాడు ఉండి తీరాలి. చచ్చినవాడి టోపీ పెట్టుకుని, వాడిలా నడిచి, బాకీ తీర్చందే పాతిపెట్టనివ్వనని గోతికి అడ్డం పడాలి. ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. ఆ నవ్వు లేకపోతే దాన్ని మూగచావు అంటారు.

మరి ఊళ్ళో మిగతావాళ్ళు నాతో ఈ వరస ఎందుకు ఆడలేదంటారా? వాళ్ళ దృష్టిలో నేను దగాబావాణ్ణి కాదు, గుడివాణ్ణి. గుడివాళ్ళకి వేళాకోళం నచ్చదని వాళ్ళకి ముందువాడు నేర్పి పోయాడు.

ఆ రోజునుంచి ఎండ చల్లబడగానే అకురుగు వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. ముందు తిట్లు, తరవాత కబుర్లు. నేను మెల్లగా దేవుడి మాట ఎత్తేవాణ్ణి. అది నా పని. పైగా నాకు నిజంగా అందులో ఓదార్పు ఉంది. ఉన్నది ఒక్క రొట్టే అయినా స్నేహితుడికి పెట్టకుండా ఎలా తింటాం? ఆయన వినేవాడు, తల ఊపేవాడు, "బాగుందిరా కథ, కుక్క ఉందా ఇందులో?" అనేవాడు.

ఒకరోజు మాత్రం వేళాకోళం ఆడలేదు. "సరే గానీ, నేను నీ దేవుడి దగ్గరికొస్తే మా నాన్నకి నీళ్ళెవరు పోస్తారు?" అన్నాడు.

"చచ్చినవాళ్ళకి దాహం వెయ్యదు" అన్నాను. ఉపదేశుల తరగతిలో మాకు నేర్పిన జవాబు అది.

"అయితే మా నాన్న ఎక్కడున్నాడు?"

దానికీ నేర్పిన జవాబు ఉంది. అది నా నోట్లోంచి పూర్తిగా రాకముందే ముసలాయన లేచాడు. తిట్టలేదు. టోపీ సర్దుకుని, "ఉంటానండీ ఉపదేశిగారూ" అన్నాడు.

ఆ 'గారూ' నా గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అరుగు ఖాళీ. సంగటి వండుకుంటే గొంతు దిగలేదు. ఎంతకని మేకతో మాట్లాడతాం? ఇక ఆగలేక పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను.

అకురుగు వాకిట్లో దిమ్మె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో సొరబుర్ర, అందులో సజ్జపిండి కలిపిన నీళ్ళు. నేను రావడం చూసి కూడా ఆపలేదు. నేను దూరంగా నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఇలాంటి చోట తల తిప్పుకుని వెళ్ళిపోవడమే గానీ విన్నది లేదు. ఆ రోజు విన్నాను.

"పైనున్నవాడా," అన్నాడు ముసలాయన, "నిన్ను చేసినవాడు లేడు, నువ్వే అందర్నీ చేశావు. ఈ నీళ్ళు ముందు నీవి. నీకు దాహం లేదని తెలుసు. తీసుకుని నేలతల్లికియ్యి, ఆమె మా తాతకిస్తుంది, తాత మా నాన్నకిస్తాడు." కొంచెం కొంచెంగా నీళ్ళు వంపాడు. మిగిలినవి తను ఒక గుక్క తాగి లేచాడు.

"ముందు నువ్వు పిలిచింది..." అన్నాను.

"ఎవర్ని పిలుస్తారనుకున్నావురా మరి? మా నాన్న తనంతట తను పుట్టాడా?" విసుక్కున్నాడు. "ఇన్నాళ్ళు నీ దేవుడి కథలు చెప్పావు. నేను నా దేవుడితో ఏం మాట్లాడతానో ఒక్కసారైనా అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నాను. ఆయన ఏమంటాడు?"

అకురుగు కొండరాళ్ళవైపు చూశాడు. "ఏమీ అనడు. పిలిచాక కాసేపు ఆగుతాను. ఏమీ వినబడదు. చాలా దూరం."

నేను ఆ దిమ్మె ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "ముసలోడా, మీ నాన్న ఎక్కడున్నాడో నాకు తెలీదు" అన్నాను. "తెలిసినట్టు మాట్లాడాను, నీ పెద్దరికం ముందు సిగ్గేస్తోంది. నాకు తెలిసింది ఒక్కటే. నువ్వు పిలిచే ఆ దూరపువాడు ఒకసారి నడిచి మన దగ్గరికి వచ్చాడని నేను నమ్ముతాను. మన అన్నం తిన్నాడు, మన చావు చచ్చాడు. బిబియానా పోయిన నాడు నన్ను నిలబెట్టింది ఆ నమ్మకమే. నీకు చెప్పాలనిపిస్తుంది, చెప్తాను. నువ్వు పుచ్చుకున్నా పుచ్చుకోకపోయినా అరుగుమీదకి మాత్రం రా."

ముసలాయన సొరబుర్ర బోర్లించి దిమ్మె పక్కన పెట్టాడు. తరవాత కోడలు అయింపోకాని కేకేశాడు. "అమ్మాయ్, ఈ కుక్కతలకాయగాడికి పిండినీళ్ళు తీసుకురా. కుండ అడుగునున్నవి ఇయ్యి, పైనవి వీడికి దండగ."

నా ప్రాణం లేచొచ్చింది. ఆ బుర్ర ఆఖరి చుక్కదాకా తాగాను.

"ఒక బేరం" అన్నాడు. "నేను నీ గుడికొస్తా. నువ్వు నా చావుకి రావాలి. చుట్టుపక్కల ఇంకో దగాబావాడు లేడు. మూగచావు నాకొద్దురా. వచ్చి నీ వాళ్ళ పని చెయ్యి."

"వస్తాను" అన్నాను.

అనడం తేలికే. ఈ చుట్టుపక్కల గుళ్ళన్నీ చూసుకునే విచారణ సంఘం పెద్ద సిప్రియన్ గారు నన్ను ఇక్కడ దింపిన రోజే గట్టిగా చెప్పాడు: పెద్దల దిమ్మెలున్న ఇళ్ళల్లో చావు కర్మలకి ఉపదేశి అడుగుపెట్టకూడదు. పెడితే ఉపదేశి పని పోతుంది, గది పోతుంది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన సొంత అన్న ఒక చావుకని వెళ్ళి మళ్ళీ గుడి మొహం చూడలేదట; అప్పట్నుంచీ ఆ భయం. నేను మాటిచ్చానే గానీ ముసలాడు గట్టిపిండం, నాకంటే వాడే వెనక పోతాడని సర్దిచెప్పుకున్నాను.

అకురుగు ఆ ఆదివారమే వచ్చాడు. ఎర్రటోపీ తియ్యకుండా ఆఖరి బల్లమీద కూర్చుని, మేకని కాలితో తోసి, "ఇది జ్ఞానస్నానం తీసుకుందా?" అని అడిగాడు. విధవరాళ్ళు ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ గుళ్ళో నవ్వు వినడం అదే మొదలు.

ఆ రోజు నేను చెప్పింది ఏసు తన స్నేహితుడు చచ్చిపోతే ఆ సమాధి దగ్గరికి వెళ్ళిన సంగతి. అక్కడ నిలబడి ఆయన ఏడ్చాడని చెప్పగానే వెనకనుంచి కేక వినబడింది.

"ఆగాగు. ఎవరు ఏడ్చింది? దేవుడా?"

"అవును."

"స్నేహితుడి కోసం?"

"అవును. తరవాత ఆ స్నేహితుణ్ణి లేపాడు."

"లేపడం సంగతి తరవాతరా. లేపగలవాడు ఏడవడం ఎందుకు?"

నా దగ్గర నేర్పిన జవాబు లేదు. "స్నేహితుడు కాబట్టి అనుకుంటా" అన్నాను.

అకురుగు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చావింటికి వెళ్ళాడన్నమాట" అని తనలో తను అనుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మీవాడు మర్యాదస్తుడేరా" అన్నాడు. జ్ఞానస్నానం అడగలేదు. తీసుకుంటావా అని నేనూ అడగలేదు. అడిగితే ఏమనేవాడో అన్న బెంగ మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.

ఎడారిగాలి మొదలైన రోజుల్లో, పెదాలు పగిలి దుమ్ము కమ్మేసే కాలంలో, అకురుగుకి దగ్గు ఎక్కువైంది. మందులకి తగ్గలేదు. ఒకరోజు మధ్యాహ్నం కొడుకు అసాకియా నా గది ముందు వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు.

"అయ్యా, మా నాన్న పోయాడు. మీ గుడి కట్టుబాటు మాకు తెలుసు. రమ్మనడానికి రాలేదు, చెప్పి పోదామని వచ్చాను." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "పోయేముందు మాత్రం నవ్వాడు. 'ఆ కుక్క వస్తుంది, తలకాయ జాగ్రత్త' అన్నాడు."

అతను వెళ్ళిపోయాడు. నేను గదిలో మంచమ్మీద కూర్చున్నాను. వెళ్తే ఈ మంచం ఉండదు, ఆ గుడి ఉండదు. ఈ వయసులో ఎక్కడికి పోతాను? వెళ్ళకపోతే? దూరంగా డప్పులు మొదలయ్యాయి, కొమ్ముబూరలు మూలుగుతున్నాయి, ఆడవాళ్ళ ఏడుపు తెరలు తెరలుగా వస్తోంది. అంత ఏడుపులో ఒక్క నవ్వు లేదు. సమాధి దగ్గరికి వెళ్ళి ఏడ్చినవాడి గురించి నోరు నొప్పెట్టేలా చెప్పినవాణ్ణి నేనే కదా! ఛీ నా బతుకు, అనుకుని లేచాను.

నేను అడుగుపెట్టగానే వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. జనం పక్కకి జరిగి నాకు దారి ఇచ్చారు. మళ్ళీ అదే మర్యాద. చాపలో చుట్టిన అకురుగు, పక్కన గోడకి ఆయన ఎర్రటోపీ. తీసి నెత్తిన పెట్టుకుని పక్కకి వాల్చాను. ఎడమకాలు ఈడుస్తూ వాకిలంతా నడిచాను. దగ్గాను. అయింపోకా ముందు నిలబడి, "అమ్మాయ్, వీళ్ళకి కుండ అడుగునున్నవే ఇయ్యి, పైనవి దండగ" అన్నాను.

ఎవరూ కదల్లేదు. అయింపోకా మొహాన చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందనుకున్నాను. పకపకా నవ్వింది. అంతే, కట్ట తెగినట్టు వాకిలంతా నవ్వింది. నవ్వుతూనే భోరుమంది.

గుండ్రటి గొయ్యి తవ్వి ఉంది. పోయి దాని నోట్లో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. "వీణ్ణి దిగనివ్వను! ఈ ముసలి దొంగ నా బానిస. మా తాత తలకాయ బాకీ తీరందే చావడానికి వీడికి సెలవెవరిచ్చార్రా?"

"లేవరా కుక్కా!" అని అసాకియా కేకేశాడు. ఇందాక మోకాళ్ళు వంచి అయ్యా అన్న మనిషేనా అనిపించింది. "గొయ్యి తవ్విన కూలీ నీ తాతిస్తాడా?"

"మీ నాన్ననే లేచి అడగమను. బతికున్నన్నాళ్ళూ నోరు ఊరుకుందా? ఇప్పుడేం, సిగ్గా?" అన్నాను. ఎంత ప్రయత్నించినా తరవాతి తిట్టు రాలేదు. చాపవైపు చూస్తూ ఉండిపోయాను.

అకురుగు అప్పచెల్లెళ్ళలో మిగిలింది తెనీ అనే ముసలమ్మ ఒక్కతే. కర్ర ఊతంతో నా పక్కకొచ్చి వంగింది. "ఒరేయ్ కుక్కతలకాయా, చాల్లే. మా తమ్ముడు మీ గుడికొచ్చాడుగా. మీవాడికి కూడా ఒక మాట చెప్పు."

అడిగారు కాబట్టి చెప్పాను. బోధ చెయ్యలేదు. "పైనున్నవాడా," అన్నాను, ముసలాయన మాటలతోనే, "రోజూ అందరికంటే ముందు నీ పేరే పిలిచినవాడు వస్తున్నాడు. నువ్వు స్నేహితుడి చావుకి వెళ్ళినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. వీడికి ఎదురెళ్ళు." ఆమెన్ అన్నాను. ముగ్గురు విధవరాళ్ళూ జనంలోంచి ఆమెన్ అన్నారు. నేను గొయ్యి వదిలి లేచాను.

సాయంత్రం అసాకియా ఆకు కప్పిన సొరబుర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత తీశాను. ఉడికించిన కుక్కతలకాయ.

"తీరిందా బాకీ?" అన్నాడు.

"తీరింది" అన్నాను.

దాన్ని తెచ్చి గుడి అరుగుమీద, ముసలాడు కూర్చునే చోట పెట్టాను. ఎదురుగా నేను కూర్చున్నాను. తాతలనాటి తగాదా తెగిపోయింది, తలకాయ నాకే దక్కింది. పూర్తిగా నాది. కాదనేవాడు లేడు. ఒక్క ముక్క కూడా తినలేకపోయాను.

వార్త బైకు కంటే వేగంగా వెళ్ళినట్టుంది, ఆ వారంలోనే సిప్రియన్ గారు వచ్చాడు. కేకలెయ్యలేదు పాపం. పాస్కా పండగ దాకా గదిలో ఉండమన్నాడు, తరవాత వేరే ఉపదేశి వస్తాడన్నాడు. "ఎందుకు వెళ్ళావు పోలికార్పూ?" అని మాత్రం అడిగాడు. స్నేహితుడని చెప్పాను. ఆయన తల దించుకున్నాడు.

ఇప్పుడు నేను అసాకియా వాళ్ళ పెరటి గదిలో ఉంటున్నాను. రమ్మని వాళ్ళే పిలిచారు. ఆదివారం గుళ్ళో ఆఖరి బల్లమీద, ముసలాడి చోట కూర్చుంటాను. కొత్త ఉపదేశి కుర్రాడు మంచివాడే. అయింపోకా అప్పుడప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని వింటుంది, ఏమీ చెప్పదు, నేనూ ఏమీ అడగను. ఊళ్ళో నన్నిప్పుడు చాలా గొప్పగా చూస్తారు. అకురుగు చావు నిలబెట్టినవాడని మరీ ఎక్కువ వంగుతున్నారు. ఒరేయ్ అనడానికి మాత్రం ఎవరికీ నోరు రావడంలేదు. ఆ రోజు గోతి దగ్గర అన్నారే గానీ, దాన్ని ఆ రోజుతోనే పాతిపెట్టేశారు.

పొద్దున్నే అసాకియా వాకిట్లో దిమ్మెకి పిండినీళ్ళు పోస్తాడు. ఇప్పుడు ఆఖర్న వాళ్ళ నాన్న పేరు కూడా పిలుస్తాడు. నేను పెరట్లో నా జపం చేసుకుంటాను. ముందు దేవుణ్ణి పిలుస్తాను. తరవాత, "ఆ కుక్కతలకాయల దొంగని కాస్త చూసుకో తండ్రీ. ఒరేయ్ ముసలోడా, నా బానిసా, వింటున్నావా?" అంటాను.

తిరుగు తిట్టు కోసం కాసేపు ఆగుతాను. ఏమీ వినబడదు. చాలా దూరం.